పాత ఎముకలు

ముప్పై ఏళ్లుగా నేను కట్టేవి ఐదు రోజుల ఇళ్లు. ఎగ్జిబిషన్ హాల్లో కంపెనీల వాళ్లు పెట్టుకునే పెవిలియన్లు. సోమవారం పొద్దున ఖాళీ నేల, బుధవారానికి మేడ, మళ్లీ సోమవారానికి ఖాళీ నేల. చూడటానికి వచ్చినవాళ్లు ముందు గోడ నిమిరి అబ్బ అంటారు. వెనక్కి ఎవరూ వెళ్లరు, మేం వెళ్లనివ్వం కూడా. అక్కడంతా ముడి చెక్క, మేకులు, వేలాడే వైర్లు. మా షెడ్డులో పైన వేసే పలకను తోలు అంటాం, లోపల నిలబెట్టే చెక్కను ఎముక అంటాం. తోలు మాత్రం కొత్తదై ఉండాలి. ఎముక సంగతి అడిగినవాడు ఇన్నేళ్లలో ఒక్కడూ లేడు.

నన్ను అందరూ మేస్త్రమ్మ అంటారు. మా ఆయన పోయాక షెడ్డు నా నెత్తిన పడింది. నోరు పెద్దదని పేరు కూడా అప్పుడే పడింది. పడితే పడనీ. నోరు లేనిదాని మాట పదిహేనుమంది వడ్రంగులు వింటారా? ఒకరు టీకి వెళ్తే ఇంకొకరు వాళ్లను వెతకడానికి వెళ్తారు. అలాంటి నా నోటికి ఒకసారి తాళం పడింది. ఆ సంగతే ఇది.

మా తమ్ముడి కూతుర్ని నేను గీతలపిల్ల అని పిలుస్తాను. బడి సెలవులన్నీ నా షెడ్డులోనే, రంపప్పొట్టులో వేలితో గీతలు గీస్తూ గడిపేది. పెద్దయ్యాక ఆ గీతల చదువే చదివింది. రెండేళ్లు ఎవరి ఆఫీసులోనో, ఎవరి పేరు మీదో బొమ్మలు గీసి, ఈ ఏడాదే తన పేరుతో మొదటి పని తెచ్చుకుంది. నోటు పుస్తకాలు, పెన్సిళ్లు చేసే కంపెనీ అది. ఆ కంపెనీ పెద్దాయనకు నేను పన్నెండేళ్లుగా కడుతున్నాను, కానీ నా సిఫారసు ఇందులో ఆవగింజంత కూడా లేదు. నాకు చెప్పకుండా వెళ్లి, గీసి చూపించి, సంపాదించుకుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, నువ్వే కట్టాలత్తా, ఇంకెవరికీ ఇవ్వను అంది. పైకి విసుక్కున్నాను గానీ ఆ రోజంతా నేల మీద నడవలేదు.

అంతకుముందు ఆ కంపెనీ పెవిలియన్ అంటే తాటిచెట్టంత పెన్సిలు బొమ్మ, దాని మీద బారెడు అక్షరాలతో పేరు, మైకులో అరుపులు. ఈ పిల్ల అవన్నీ తీసి పారేసింది. ఎనిమిది తెల్లని పేజీలు, ఒక్కోటి పన్నెండు అడుగుల ఎత్తు. తిప్పుతూ తిప్పుతూ ఆపినట్టు వంపు తిరిగి, పైన ఒకదాని తలకు ఒకటి ఆనుకుని నిలబడతాయి. లోపలికి వెళ్తే పుస్తకం మధ్యలో నిలుచున్నట్టే. గోడల నిండా సన్నని నీలం గీతలు. గుమ్మం దగ్గర చేతికి ఒక పెన్సిలు ఇచ్చి, నచ్చిన చోట ఒక్క వాక్యం రాయమంటారు. కంపెనీ పేరు బయటికొచ్చే దారిలో కింద ఒక మూల తప్ప ఎక్కడా లేదు. పేరు లేని ప్రకటన ఏమిటమ్మా అని పెద్దాయన చాలా గింజుకున్నాడట. పోస్టరును మనిషి చూసీ చూడనట్టు వెళ్లిపోతాడు, దీని లోపలికైతే తన కాళ్లతో నడిచి వస్తాడు, గోడ మీద తన చేత్తో రాసుకున్నవాడు ఆ పెన్సిలు ఎవరిదో మర్చిపోతాడా అని ఈ పిల్ల అడిగిందట. ఆయన కాసేపు పెన్సిలు తిప్పుకుంటూ కూర్చుని సరే అన్నాడట.

ఒక్కో పేజీకి ఐదు ఎముకలు, మొత్తం నలభై. బొమ్మ మీద స్పష్టంగా రాసి ఉంది, కొత్త చెక్క, అతుకు లేనిది, బాగా ఆరినది అని. ఆ చెక్క మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. వచ్చినదాంట్లో చాలావరకు పచ్చిది. నా అటక మీద పాత ఎముకలు కుప్పగా పడి ఉన్నాయి, ఎప్పుడో ఒక అత్తరు కంపెనీకి కట్టిన గుమ్మటానివి. వంపు దాదాపు అదే. అప్పటికే నాలుగైదు పెవిలియన్లు మోసి వచ్చినవి, ఒళ్లంతా స్క్రూ రంధ్రాలు, నడుముల దగ్గర అతుకులు. దించండిరా అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తప్పు చేస్తున్నానన్న జ్ఞానమైనా కలిగేది. ఆలోచనే రాలేదు. ఐదు రోజులకు పాత ఎముక ఎప్పుడూ చాలింది. అతుకులకు పక్కబద్దలు వేయించి, పైన పల్చని ప్లైవుడ్ తొడిగించాను. జిగురు పని చేసే మా ముసలాయన్ని గమ్ముతాత అంటాం. ఆయన తోలును ఎముకకు అంటిస్తే ఇక కోస్తే తప్ప రాదు. పిల్ల ఫోన్ చేసి చెక్క వచ్చిందా అత్తా అని అడిగితే, వచ్చింది అన్నాను. వచ్చిన మాట నిజమే కదా.

బుధవారం తలుపులు తెరిచారు. నేను ఎన్నో పెవిలియన్ల ముందు జనాన్ని చూశాను, కానీ ఇలా చూడలేదు. మైకు లేదు, ఉచిత సంచులు లేవు, అయినా వరస హాలు గుమ్మం దాకా. లోపలికి వెళ్లినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఒకాయన ఎప్పుడో పోయిన తన పంతులుగారి పేరు రాసి, కింద క్షమించండి అని రాశాడు. ఒక పిల్ల "ఈ లైను నాది, ఎవరూ కూర్చోవద్దు" అని రాసింది. ఒక ముసలామె పెన్సిలు పట్టుకుని చాలాసేపు నిలబడి, తన పేరొక్కటే రాసుకుని, దాన్ని దూరం నుంచీ దగ్గర నుంచీ చూసుకుంటూ ఉండిపోయింది. పక్క స్టాళ్ల వాళ్లు కూడా పని మానేసి వచ్చి చూశారు. నా కళ్లు తడిశాయి, పొట్టు పడిందని చెప్పి తుడుచుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన వచ్చి మైకు అడిగాడు. ఈ పుస్తకాన్ని మూసేయడానికి తనకు మనసు రావడం లేదన్నాడు. ప్రజలు రాసిన వాక్యాలతో సహా, ఒక్క పలక కూడా మార్చకుండా, దీన్ని తీసుకెళ్లి ఒక బడి ఆవరణలో నిలబెడతామన్నాడు. పిల్లలకు చదువుకునే గదిగా ఎన్నేళ్లయినా ఉండాలన్నాడు. ఎగ్జిబిషన్ ముగిసిన వారానికే, వచ్చే వారం ఆదివారం ప్రారంభం. గుమ్మం మీద కంపెనీ పేరు పక్కనే గీసిన అమ్మాయి పేరు కూడా చెక్కిస్తామన్నాడు. హాలంతా చప్పట్లు. గీతలపిల్ల పరుగెత్తుకొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది.

"నిలిచిపోతుందత్తా," అంది. "మనం కట్టింది నిలిచిపోతుంది."

నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. దాని వీపు నిమురుతూ ఊ ఊ అన్నాను, అంతే. చుట్టూ జనం నాకూ చెయ్యి ఇచ్చి అభినందిస్తుంటే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

సాయంత్రం గమ్ముతాతను పక్కకు పిలిచి, తోలు చెడకుండా లోపలి ఎముకలు మార్చే దారి ఏమైనా ఉందా అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. తన గమ్ము ఊడితే ఆ రోజే పని మానేసి ఇంట్లో కూర్చుంటానన్నాడు. నేను మెచ్చుకుంటున్నాననుకున్నాడు పాపం. తోలు మీద వేలమంది రాతలున్నాయి, కంపెనీకి కావలసింది ఆ రాతలే. ఎముక మార్చాలంటే తోలు కొయ్యాలి, తోలు కోస్తే ఇక తీసుకెళ్లడానికి ఏమీ మిగలదు. నోరు మూసుకుని ఉంటే సరిపోతుందేమోనని కూడా అనుకున్నాను. అబద్ధం చెప్పను, అనుకున్నాను.

శనివారం పొద్దున పిల్ల నన్ను బడికి తీసుకెళ్లింది, స్థలం కొలవడానికి. రెండు పాత భవనాల మధ్య మట్టి ఆవరణ. ఆ సందులోంచి గాలి రివ్వున కొడుతోంది, మా టేపు నేల మీద ఆగలేదు. హాల్లో ఫ్యాను గాలి తప్ప ఎరగని పేజీలు అవి. హెడ్‌మిస్ట్రెస్ గారు ఎదురొచ్చి, పిల్లలు వార్త విన్నప్పటి నుంచి కుదురుగా ఉండటం లేదండీ అంది. చూస్తే నిజమే. నేల మీద సుద్దముక్కతో పెద్ద పుస్తకం ఆకారం గీసుకుని, దాని లోపల ముప్పైమంది దాకా బోర్లా పడుకుని చదువుకుంటున్నారు. గీత తొక్కి లోపలికి రాబోయిన ఒకణ్ణి, గుమ్మం అటువైపురా అని అందరూ కలిసి కేకలేశారు. హెడ్‌మిస్ట్రెస్ గారు నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

గీతలపిల్ల కాగితాలు మోకాలి మీద పెట్టుకుని ఉత్సాహంగా చెప్పుకుపోతోంది. కింద కాంక్రీటు దిమ్మె పోయిస్తుందట, పైన వాన పడకుండా రేకు, పేజీలకు నీరు పీల్చని రంగు. లెక్కలన్నీ వేసిందట. ఆరిన కొత్త చెక్క కాబట్టి ఈ గాలికి పదిహేనేళ్లు ఢోకా లేదట.

"మామూలుగా అయితే భయపడేదాన్ని," అంది. "నీ చెక్క కదా అత్తా, నాకు భయం లేదు."

ఇక నా వల్ల కాలేదు. దాని చేతిలో కాగితాలు తీసుకుని మడిచి పక్కన పెట్టాను. ఆ లోపల ఉన్నది నువ్వు గీసిన చెక్క కాదమ్మా అన్నాను. అది ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత మడిచిన కాగితాలు మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఎన్ని?" అని అడిగింది.

"నలభైలో ముప్పై ఒకటి."

"మిగతా తొమ్మిది?"

"కొత్తవే. పాతవి అయిపోయాయి."

నేనే ఇంకొకరి నోట ఆ మాట విని ఉంటే నవ్వేదాన్ని. అది నవ్వలేదు, ఏడవలేదు కూడా. నేను ఫోన్లో అడిగాను కదా అంది మెల్లగా. చెక్క వచ్చిందా అని అడిగావు, వచ్చిందన్నాను అని చెప్పాను. చెబుతుంటే నా మాట నాకే రోతగా వినిపించింది. బస్సులో వచ్చేటప్పుడు పక్కపక్కనే కూర్చున్నాం. దిగేదాకా అది కిటికీలోంచి బయటికే చూసింది.

ఆదివారం పొద్దున, ఎగ్జిబిషన్ చివరి రోజు, కంపెనీలో ప్రచారం చూసే ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. పెద్దాయన సాయంత్రం గానీ రాడట. పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది, నన్ను తిట్టనూ లేదు, దాచనూ లేదు. ఆయన కంగారుపడలేదు. నా వైపు తిరిగి అడిగాడు.

"వారం నిలబడుతుందా లేదా? అదొక్కటి చెప్పండి."

ప్రారంభం రోజు ఫొటోలు అయిపోతే చాలునన్నాడు. ఆ తర్వాత గదికి తాళం వేయిద్దాం, నెల పోయాక వానకు పాడైందని తీసేద్దాం, అమ్మాయి పేరుకూ మచ్చ రాదు, మీ పేరుకూ రాదు అన్నాడు. నాకు ఆయన మీద కోపం రావలసింది, రాలేదు. పరాయి మాట అయితే కదా కోపం రావడానికి. ఐదు రోజులకు చాలదా అని ముప్పై ఏళ్లు నేను అన్నదే ఆయన వారానికి అన్నాడు. పైన పటారం, లోన లొటారం అని ఊళ్లో వాళ్లనందరినీ వెక్కిరించేదాన్ని, ఆ సామెత నా షెడ్డులోనే కాపురం ఉందని అప్పుడు తెలిసింది.

పిల్ల నా వైపు తిరిగింది. నిలబడుతుందా అత్తా అని అడిగింది, నిజం కావాలన్నట్టు.

"వారం నిలబడుతుంది," అన్నాను. "ఆ తర్వాత ఏ గాలికి పడుతుందో నాకు తెలియదు. తాళం వేసిన గదిలోకి పిల్లలు దూరరని నేను పూచీ పడలేను."

అయితే వారం చాలు అన్నాడాయన. పెవిలియన్ కంపెనీ సొత్తు, విప్పి లారీకి ఎక్కించడమే మీ పని, పెద్దాయనతో నేను మాట్లాడతాను అని లేచాడు. బయటికి వచ్చాక పిల్ల మెట్ల మీద కూర్చుంది. సాయంత్రం పెద్దాయన రాగానే తనే చెబుతానంది. తన లెక్క తప్పిందని, గీయడమే తప్పు గీశానని, బయట నిలబడదని చెబుతుందట. చెక్క ఊసు ఎత్తదట.

"నాకు ఇది మొదటి పని, పోతే పోయింది," అంది. "నీకు ఈ వయసులో చెడ్డపేరు ఎందుకత్తా."

నాకు దాన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. రెండూ చెయ్యలేదు. మొదటి పనిలోనే లెక్క తప్పిన పిల్లకు రెండో పని ఎవడిస్తాడు? అది తెలిసే అంటోంది.

ఐదు గంటలకు హాల్లో గంట మోగింది. అది మోగితే మా లోకంలో అన్ని గోడలూ ఒక్కసారి కూలడం మొదలవుతుంది. ఎటు చూసినా సుత్తులు, నిచ్చెనలు, చుట్టేసే తివాచీలు. మా పెవిలియన్ ముందు మాత్రం పెద్దాయన, పక్కన ప్రచారం ఆయన, ఒక ఫొటోగ్రాఫరు. మొదటి పేజీ లారీ ఎక్కుతుంటే ఫొటో కావాలట. మావాళ్లు ఆ పేజీని మెల్లగా పడుకోబెట్టారు. గీతలపిల్ల గొంతు సవరించుకుని పెద్దాయన వైపు రెండడుగులు వేసింది.

నేను కరెంటు రంపం తీసుకున్నాను. గమ్ముతాత ఏయ్ ఏయ్ అంటూ వచ్చాడు, పక్కకు తోశాను. పేజీ మధ్యలో, ఆ తెల్లని తోలు మీద, రాతల మీదుగా తల నుంచి పాదం దాకా కోశాను. పంతులుగారి పేరు రెండు ముక్కలయింది, క్షమించండి అన్న మాట కూడా. గీత వంకర పోయింది. రంపం ఆపేసరికి పక్క స్టాళ్లలో సుత్తులు కూడా ఆగి ఉన్నాయి. తోలును రెండు చేతులతో పట్టి చీల్చాను. లోపల ఎముకలు బయటపడ్డాయి. ఒకదాని మీద అత్తరు కంపెనీ బంగారు రంగు, ఒకదాని మీద ఎవరిదో ఎర్ర రంగు, జల్లెడలా రంధ్రాలు, నడుముకు పక్కబద్దలు.

"ఈ అమ్మాయి గీసింది కొత్త చెక్క సార్," అన్నాను. "నేను పెట్టింది ఇది. తనకు చెప్పకుండా పెట్టాను. దీని కింద పిల్లల్ని కూర్చోబెట్టకండి."

పెద్దాయన వంగి, ఒక అతుకు మీద వేలు పెట్టాడు. నొక్కితే అది కదిలింది. పక్క ఎముక కూడా నొక్కి చూశాడు. లేచాక నా వైపు చూడకుండా అడిగాడు.

"పన్నెండేళ్లుగా నాకు కట్టినవన్నీ ఇలాంటివేనా?"

"అన్నీ ఇలాంటివే సార్."

ఆయన వేలికి అంటిన పొడి దులుపుకుని వెళ్లిపోయాడు. ప్రచారం ఆయన ఫొటోగ్రాఫర్ని కెమెరా మూయమన్నాడు. మిగతా ఏడు పేజీలూ నేనే కోశాను, మావాళ్లను ముట్టుకోనివ్వలేదు. పిల్ల ఒక పక్కన నిలబడి చివరి పేజీ దాకా చూసింది. ఆ కంపెనీ మళ్లీ నన్ను పిలవలేదు. ఈ వార్త నాలుగు చెవులు దాటాక ఇంకో ముగ్గురు కూడా పిలవడం మానేశారు. మానెయ్యాల్సిందే.

బడికి వెళ్లి పుస్తకం రాదని చెప్పింది మాత్రం గీతలపిల్లే. వద్దన్నా వినలేదు, నన్ను రానివ్వలేదు. పిల్లలు ఏమన్నారని అడిగితే, ఏమీ అనలేదు అంది. అంతకంటే చెప్పలేదు, నేను రెండోసారి అడగలేదు. ఆ తర్వాత ఐదు నెలలు షెడ్డుకు రాలేదు. పెళ్లిళ్లలో, ఇంట్లో కలిస్తే బాగున్నావా అత్తా అనేది, కంచంలో వడ్డించేది, పని మాట ఎత్తేది కాదు. నేను ఆ వంపుకు పనికిరాక అటక మీద మిగిలిన పాత ఎముకలన్నీ దించి పొయ్యిలోకి ముక్కలు కొట్టించాను. చెక్క మంచిదైనా కాకపోయినా మంట మాత్రం బాగా ఇచ్చింది.

మొన్న వచ్చింది. బడి వాళ్లు ఇటుకలతో నాలుగు గోడలు కట్టుకుంటున్నారట, చిన్న గది, మామూలు గది, తను ఊరికే గీసిచ్చిందట. పైకప్పుకు ఆరు దూలాలు కావాలంది. ఇంకెక్కడా అడగకుండా నా దగ్గరికే వచ్చింది. పనివాళ్లను పిలవకుండా నేనే లోపలికి వెళ్లి, రెండేళ్లు నీడలో ఆరిన చెక్క ఏరి ఏరి తెచ్చి వరసగా పడుకోబెట్టాను.

అది బ్యాగు కింద పెట్టి, మోకాళ్ల మీద కూర్చుంది. మొదటి దూలాన్ని ఆ చివర నుంచి ఈ చివర దాకా అరచేత్తో తడిమింది. తిరగేసి అడుగు చూసింది. టార్చి వేసి చివరలు చూసింది, వేలి కణుపుతో మూడు చోట్ల కొట్టి చెవి పెట్టి విన్నది. ముప్పై ఏళ్లలో నా చెక్కను ఎవరూ అలా చూడలేదు. నేను అరుగు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను, కొత్తగా పనిలో చేరినదానిలాగా. రెండోది కూడా అలాగే చూసి పక్కన పెట్టుకుంది. మూడో దాని మధ్యలో ఒక చిన్న కన్ను ఉంది, ఎప్పుడో కొమ్మ మొలిచిన చోటి ముడి. గోటితో గీకింది, వంగి చూసింది, మళ్లీ గీకింది.

"ఇది వద్దత్తా," అంది.

అది మంచి చెక్క. ఆ కన్ను పైపైనే, లోపల గట్టిగా ఉంది. నా జీవితమంతా చెక్కతోనే గడిచింది, ఆ మాత్రం నాకు తెలియదా? ఇంకెవరైనా అయితే కన్ను చూసి భయపడతావేమిటి, పిచ్చిమొహమా అని కోప్పడి ఉండేదాన్ని. కానీ నేను మంచిదంటే అది నమ్మాలి కదా. ఆ నమ్మకం దాని దగ్గర ఇప్పుడు లేదు, అది నేను తీసేసుకున్నదే.

ఆ దూలాన్ని ఎత్తి గోడకు ఆనించాను. లోపలికి వెళ్లి ఇంకొకటి మోసుకొచ్చి దాని ముందు పెట్టాను. అది టార్చి వేసింది.